ఫొటో గోడ

ఆ రోజు వచ్చినావిడ బూట్లు తెల్లవి. రోడ్డు మీద కారు దిగి, ఎక్కడ అడుగు వేస్తే మట్టి అంటదో చూసుకుంటూ, సహాయ సంస్థ క్యాంపు సూపర్వైజరు చెయ్యి పట్టుకుని రాళ్ళ మీదుగా నడిచి వచ్చింది. వచ్చి గోడ ముందు నిలబడి "అయ్యో" అంది. వచ్చిన వాళ్ళందరూ సరిగ్గా అక్కడే నిలబడి అదే మాట అంటారు.

గోడంటే మేస్త్రి ఇంటి గోడ. భూకంపానికి ఆ వీధిలో ఇల్లన్నది మిగల్లేదు. మిగతా వాళ్ళ ఇళ్ళు కుప్పలుగా కూలాయి. కుప్పను ఫొటో తీస్తే కుప్పలాగే ఉంటుంది, చూసినవాడు రాళ్ళ క్వారీ అనుకుంటాడు. మేస్త్రి ఇంటికి మాత్రం మూడు గోడలు పడి, వంటింటి వెనక గోడ సగం నిలబడిపోయింది. దాని గూట్లో గిన్నెలు బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి. మేకుకి జల్లెడ వేలాడుతోంది. ఎదురుగా వీధంతా శవంలా పడి ఉంటే ఇక్కడ ఒక జల్లెడ గాలికి ఊగుతోంది. మొదట వచ్చిన ఫొటోలాయన దాన్ని చూసి మురిసిపోయాడు. ఇక అప్పటినుంచీ ఏ కారు వచ్చినా తిన్నగా అక్కడికే.

"అమ్మమ్మగారూ, కొంచెం గోడ వైపు తిరగండి" అంది తెల్లబూట్లావిడ.

అత్త, అంటే మేస్త్రి తల్లి, తిరగలేదు. తిరిగే వీలూ లేదు. భూకంపంలో ఆమె మీద దూలం పడి తుంటి విరిగింది. క్యాంపు డాక్టరు కట్టు కట్టి, కదలకూడదనీ, తడి తగలకూడదనీ చెప్పి వెళ్ళాడు. గోడకి ఎదురుగా టార్పాలిన్ కింద, తలుపుచెక్క మీద పడుకోబెట్టారు.

"తిరగాలంటే నడుముండాలి తల్లీ" అంది అత్త. "నువ్వే అటు పోయి నిలబడు. ఇద్దరం కనపడతాం."

సూపర్వైజరు నవ్వు ముఖం పెట్టాడు. పక్కన గడ్డపార పట్టుకుని నిలబడ్డ మేస్త్రి దగ్గరికి వచ్చి, ఆ గడ్డపార కాస్త కింద పెట్టమన్నాడు. పని చేసుకుంటున్న మనిషి ఫొటోలో ఉంటే చూసేవాళ్ళకి జాలి పుట్టదట. మేస్త్రి పెళ్ళాం, ఆ ఇంటి కోడలు, ఇదంతా నీళ్ళ బిందె చంకనెట్టుకుని చూస్తోంది. మేస్త్రి మాత్రం మాట్లాడకుండా గడ్డపార కింద పెట్టేశాడు. ఆయన తీరే అంత. గోడతో మాట్లాడినంత మనుషులతో మాట్లాడడు.

కారు వెళ్ళిపోయాక ఆయన గడ్డపార మళ్ళీ తీశాడు. గోడ మూలకి వెళ్ళి, కాలితో మట్టి జరిపి, ఎక్కడ దింపాలో చూసుకున్నాడు. అంతలో సూపర్వైజరు రోడ్డు మీంచి పరుగున వెనక్కి వచ్చాడు.

"మేస్త్రిగారూ, ఒక్క నిమిషం. ఆ గోడ ముట్టుకోకండి. ఎల్లుండి పెద్దసారు వస్తున్నారు."

"మొన్న కూడా ఎల్లుండే అన్నారు" అంది కోడలు.

"వాయిదా పడిందమ్మా. ఆయనకి సవాలక్ష పనులు."

"మాకొక్కటే పని. మా అత్తకి ఒక గది కావాలి. రాళ్ళు కొనుక్కొచ్చే దిక్కు మాకు లేదు. మా రాళ్ళన్నీ దాని కిందా, దాన్లోనూ ఉన్నాయి. మూలలకి పెట్టే మంచి రాళ్ళు ఆ గోడలోనే ఉన్నాయి. వానలొస్తే ఈ పరదా ఆగుతుందా?"

"అర్థమైందమ్మా. మీ కష్టం నాకు తెలీదా? కానీ చూడండి, చూసేవాళ్ళకి ఏదో ఒకటి కనపడాలి కదా. కనపడితేనే వస్తాయి ఏవైనా."

ఆ అబ్బాయి చెడ్డవాడని కాదు. కళ్ళ కింద నలుపుతో, గొంతు బొంగురుపోయి, తిండి ఎప్పుడు తిన్నాడో తెలీనట్టుండేవాడు. కానీ ఈ పరదా కింద మనిషి తడవకుండా ఉండాలన్న సంగతి, పెద్దసారు ముందు గోడ నిలబడి ఉండాలన్న సంగతి, రెండూ పక్కపక్కన పెడితే అతనికి రెండోదే పెద్దగా కనిపించింది. అంతకంటే అసహ్యం ఏముంటుంది?

మేస్త్రి గడ్డపార గోడకి ఆనించి వచ్చి కూర్చున్నాడు.

"గాజులేసుకో" అంది అత్త, కొడుకుని చూడకుండా.

*

సూపర్వైజరు చెప్పిన దాన్లో అబద్ధం లేదు, అదే వచ్చిన చిక్కు. తెల్లబూట్లావిడ వెళ్ళిన మర్నాడు ఒక వ్యాను వచ్చి వీధి మొగలో దుప్పట్లు, పప్పు దించింది. అందరికీ అందాయి. పప్పు చేతిలో పడగానే రేడియో బాబాయి మేస్త్రి పరదా దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చున్నాడు. ఊళ్ళో ఏ సంగతైనా అందరికన్నా ముందు ఆయనకి తెలుస్తుందని ఆ పేరు. వరసకి మేస్త్రికి బాబాయి.

"ఒరే అబ్బాయ్, నా మాట విను. ఆ గోడ నీ ఒక్కడిదీ అనుకోకు. అది వీధికంతటికీ అన్నం పెడుతోంది. కింద వీధి వాళ్ళని చూడు. వాళ్ళకి చూపించుకోడానికి ఏమీ లేక ఒక్క బండి ఆగట్లేదు."

"మా అమ్మ తడుస్తుంది బాబాయ్."

"నేను తడవట్లేదా? మీ పిన్ని తడవట్లేదా? పెద్దసారు వచ్చిపోతే రేకులు వస్తాయంటున్నారు. పెద్ద రేకులు, నీలంవి. నాలుగు రోజులు ఓర్చుకుంటే ఏం పోయింది?"

ఆయన ఆ రోజు వచ్చాడు, మర్నాడు వచ్చాడు, చెవిలో ఇల్లు కట్టుకుని పోరు పెట్టాడు. ఆయన వెళ్ళగానే పిన్ని వచ్చేది. ఆమె వెళ్ళగానే ఇంకో ఇంటావిడ వచ్చి కోడలి చెయ్యి పట్టుకునేది. ఒకావిడైతే గూట్లో గిన్నెలు కూడా తియ్యొద్దని బతిమాలింది. కోడలు అప్పటికే అన్నం వండుకోడానికి పొరుగువాళ్ళ గిన్నె అడుక్కుంటోంది. ఎదురుగా తన గిన్నెలు తనని చూస్తున్నాయి.

"మన బతుకులు చూపించి బతకాలా అత్తా?" అంది ఒకసారి, అత్తకి కాళ్ళు ఒత్తుతూ.

"టిక్కెట్టు పెట్టండే. ఊరికే చూపిస్తే విలువుండదు" అంది అత్త. అని, చేత్తో పక్క తడిమి, "ఇదిగో, కింద ఏదో చెమ్మగా ఉంది. నేను కాదులే. చూడు" అంది.

కోడలు చెయ్యి పెట్టి చూసింది. వాన ఇంకా మొదలవలేదు. పై కొండలో ఎక్కడో కురిసినట్టుంది, నేల లోపల్నించి నీళ్ళు ఊరుతున్నాయి. మధ్యాహ్నానికి వాన ఇక్కడా దిగింది. టార్పాలిన్ మధ్యలో నీళ్ళు నిలిచి పొట్టలా కిందికి దిగింది. మేస్త్రి కర్రతో ఎత్తి పారబోస్తుంటే ఆ నీళ్ళన్నీ తిరిగి తిరిగి తలుపుచెక్క కిందికే వచ్చాయి. చెక్క ఎత్తి కింద రాళ్ళు పెట్టాల్సి వచ్చింది. మేస్త్రి తల దగ్గర, కోడలు కాళ్ళ దగ్గర పట్టుకుని ఎత్తారు. కోడలి కాలు బురదలో జారింది. చెక్క ఒక పక్కకి ఒరిగింది. అంతదాకా ఎవరి మీద పడితే వాళ్ళ మీద జోకులేసిన అత్త, పసిబిడ్డ ఏడ్చినట్టు ఏడ్చింది. మాట కాదు, ఉత్త గొంతు.

వాన వెలిశాక మేస్త్రి లేచాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. ముందు గూట్లో గిన్నెలు ఒక్కొక్కటీ తీసి కోడలి ఒళ్ళో పెట్టాడు. జల్లెడ తీశాడు. మేకు కూడా అటూ ఇటూ ఊపి పీకి జేబులో వేసుకున్నాడు. తర్వాత మూల దగ్గర నిలబడి, పై వరసలో వదులుగా ఉన్న రాయి వెతికి, గడ్డపార మొన దాని కింద దింపి, ఒంటి బరువంతా వేశాడు. రాయి దొర్లింది. దాని పక్కది దొర్లింది. ఆయన గోడ తోసెయ్యలేదు. తోసేస్తే మంచి రాళ్ళు పగులుతాయి. పై నుంచి కిందికి, వరస తర్వాత వరస, ఎవరికో బట్టలు విప్పినట్టు నెమ్మదిగా విప్పాడు.

వీధి వీధంతా వచ్చి చూసింది. చివరికి రేడియో బాబాయే అన్నాడు. "నోటికాడి కూడు తీసేశావురా."

మేస్త్రి చెయ్యి ఆపలేదు.

*

గది చిన్నది. ఒక మంచం, పక్కన ఒక మనిషి కూర్చునేంత చోటు. గోడ ఛాతీ ఎత్తు దాటకూడదన్నాడు మేస్త్రి. మళ్ళీ కంపిస్తే పడినా చావకూడదు కదా అని. కోడలు పొద్దున్నే మట్టి కాళ్ళతో తొక్కేది. గడ్డి నరికి కలిపేది. తట్టతో రాళ్ళు మోసేది. ఆయన పెద్దవి ఒక పక్క, చదునువి ఒక పక్క, చిల్లర పెంకులు ఒక పక్క పెట్టించేవాడు. ఒక రాయి చేతిలోకి తీసుకుంటే దాన్ని తిప్పి తిప్పి చూసి, దాని ముఖం ఎటో తేల్చుకుని, అప్పుడు కూర్చోబెట్టి, సుత్తి కర్రతో రెండు దెబ్బలేసేవాడు. కోడలికి ఆ చప్పుడు వింటుంటే తిన్నంత తృప్తిగా ఉండేది. సాయంత్రానికి ఆయన వేళ్ళ చివర్లు చిట్లి మట్టితో కలిసిన నెత్తురు గోళ్ళలో ఎండిపోయేది.

వీధిలో ఎవరూ సాయానికి రాలేదు. పలకరించనైనా లేదు. పిన్ని నీళ్ళ దగ్గర కోడలిని చూసి ముఖం తిప్పుకుంది.

గోడలు లేచాయి, వంగి దూరేంత వాకిలి మీద అడ్డదూలం పడింది. అప్పుడు ఊడిపడ్డాడు సూపర్వైజరు. రోడ్డు మీద దిగి ఇటు చూసి అలాగే నిలబడిపోయాడు. తర్వాత తల పట్టుకున్నాడు.

"ఏం చేశారండీ ఇది. రేపు పెద్దసారు వస్తున్నారు. నేనిప్పుడు ఆయనకి ఏం చూపించను?"

"మా అత్తని చూపించు. ఇంకా చావలేదు" అంది కోడలు.

అతను వినిపించుకోలేదు. పడిపోయిన కుప్పల మధ్య అటూ ఇటూ తిరిగాడు. రేడియో బాబాయి ఇంటి కుప్ప చూశాడు, దాని పక్క కుప్ప చూశాడు, పెదవి విరిచాడు. తిరిగి తిరిగి గది దగ్గరికొచ్చి ఆగాడు. గోడ మీద చెయ్యి వేశాడు. చుట్టూ నడిచాడు. ముఖంలో రంగు మారుతూ వచ్చింది. ఫోను తీసి పక్కకి వెళ్ళి చాలాసేపు మాట్లాడాడు. తిరిగొచ్చేసరికి పెళ్ళికొడుకులా వెలిగిపోతున్నాడు.

"చాలా బాగా కట్టారు మేస్త్రిగారూ. నిజంగా. ఇదే చూపిద్దాం. మా సంస్థ కట్టించిన మొదటి ఇల్లు ఇది."

మేస్త్రికి మొదట అర్థం కాలేదు. కోడలికి అర్థమైంది.

"నీ సంస్థ ఒక్క రాయి మోసిందా నాయనా?"

"మాటవరసకి అమ్మా. ఏం తప్పుంది చెప్పండి? రేపు పెద్దసారు అడిగితే మీరు కట్టించారు అని ఒక్క మాట అనండి. రేపే మీకు పైన వెయ్యడానికి రేకులు దింపుతాను. మీకే కాదు, వీధికంతా. నా మాట."

ఆ మాట బాబాయి చెవిన పడింది. ఇక అంతే. ఇన్నాళ్ళూ ముఖాలు తిప్పుకున్న వాళ్ళందరూ ఒక్కసారి చుట్టాలైపోయారు. పిన్ని వచ్చి కోడలి గడ్డం పట్టుకుంది. ఒకాయన మేస్త్రి చేతిలో తట్ట లాక్కుని రాళ్ళు మోశాడు. గోడలున్నాయి, పైన కప్పు లేదు. మబ్బు కొండ మీద కూర్చుని ఉంది. కోడలు మేస్త్రి వైపు చూసింది.

"నువ్వేమంటావయ్యా?"

ఆయన ఒక రాయిని తిప్పి చూస్తున్నాడు. దాన్ని కూర్చోబెట్టాడు, సుత్తి కర్రతో తట్టాడు, ఇంకో రాయి తీసుకున్నాడు. ఆ మనిషి నోట్లోంచి మాట రావాలంటే గడ్డపార దింపాలి. కోడలికి ఒళ్ళు మండింది.

"సరే. నేనే అంటాను" అంది సూపర్వైజరుతో.

మర్నాడు పెద్దసారు వచ్చేలోపు చాలా పనులు జరిగాయి. గది గోడకి పెద్ద బోర్డు కట్టారు. మేస్త్రి కట్టిన రాళ్ళు సగం దాని వెనకాల దాక్కున్నాయి. అత్త ఉన్న పరదా కనపడకుండా దానికి అడ్డంగా ఒక రంగుల గుడ్డ బ్యానరు కట్టారు. ఇన్నాళ్ళూ ఆమెని ఇటు తిరుగు అటు తిరుగు అన్నవాళ్ళే, ఇప్పుడు దుఃఖం కనిపిస్తే బాగుండదన్నారు.

"నేను ముసుగులో ఉన్నానా, సమాధిలో ఉన్నానా?" అని బ్యానరు వెనకనుంచి అత్త అడుగుతూనే ఉంది.

పెద్దసారు నిజంగానే పెద్దగా, మెత్తగా ఉన్నాడు. గోడ తట్టి చూశాడు. కెమెరా ఇటు తిరిగింది.

"ఇల్లు నచ్చిందామ్మా?"

"నచ్చింది సార్."

"ఎవరు కట్టించారు?"

కోడలు ముందుకీ వెనక్కీ చూసింది. ఎదురుగా సూపర్వైజరు తల ఊపుతున్నాడు. వెనక బాబాయి, పిన్ని, వీధంతా నిలబడి ఉంది.

"మీరే సార్. మీరే కట్టించారు."

పెద్దసారు సంతోషపడ్డాడు. బురద చేతులతో పక్కన నిలబడ్డ మేస్త్రిని చూసి, ఇతనెవరని అడిగాడు.

"మన కూలీ సార్" అన్నాడు సూపర్వైజరు.

కోడలికి నోట్లో ఉమ్మి ఊరింది. ఉమ్మలేదు. మింగింది. నా మొగుడు అని ఒక్క మాట అనొచ్చు. అనలేదు. మేస్త్రి ఆమె వైపు చూడను కూడా చూడలేదు, చేతుల మీద మట్టి గోకుతూ నిలబడ్డాడు. ఆ క్షణం ఆమెకి తెల్లబూట్లావిడ మీద లేనంత రోత తన మీద కలిగింది.

*

రేకులు నిజంగానే దిగాయి. నీలంవి, కొత్తవి. గది ముందు పేర్చి, తాడు కట్టారు. మేస్త్రి దూలాలు సరిచూసుకున్నాడు. కోడలు తాడు విప్పబోతుంటే సూపర్వైజరు వచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇప్పుడే వద్దమ్మా. వచ్చే వారం ప్రారంభోత్సవం. పెద్దసారు కన్నా పెద్దాయన వస్తున్నారు. రేకు ఆయన చేత్తో ఎక్కించాలని కార్యక్రమం. ఎక్కించేశాక ఇంకేం ఎక్కిస్తారు?"

"వారమా?"

"వారం అంటే వారమే. ఈసారి వాయిదా ఉండదు. వీధికి రేకులు కూడా ఆ రోజే ఇస్తారు."

కొండ మీద మబ్బు దిగి వస్తోంది. చినుకులు అప్పుడే మొదలయ్యాయి. బ్యానరు గుడ్డ తడిసి, దాని రంగు కారి అత్త దుప్పటి మీద పడుతోంది.

"జరుగు నాయనా" అంది కోడలు.

"అమ్మా, నా ఉద్యోగం పోతుంది."

"పోనీ. నా ఇంటికి నేను కప్పు వేసుకోడానికి నీ ఉద్యోగాన్ని అడగాలా?"

"మీ ఇల్లెక్కడిదమ్మా" అన్నాడతను. కోపంగా కూడా అనలేదు, విసుగ్గా, అలిసిపోయి అన్నాడు. "మేం కట్టించిందని మీరే చెప్పారు. కెమెరాలో ఉంది. ఇప్పుడు ఇది మా సంస్థది. మేం చెప్పేదాకా ఎవరూ ముట్టుకోడానికి లేదు."

కోడలికి చెంప మీద కొట్టినట్టయింది. అనాల్సిన మాట అనాల్సినప్పుడు అనలేదు, అనకూడనిది అనేసింది. వీధి వాళ్ళు పైన సంచులు కప్పుకుని చూస్తున్నారు. ఒక్కడు కూడా ఇది మేస్త్రి కట్టుకున్న గది అనలేదు. వాళ్ళ కళ్ళన్నీ రేకుల మీదే ఉన్నాయి.

మేస్త్రి దూలం మీంచి దిగాడు. గడ్డపార తీసుకున్నాడు. సూపర్వైజరు భయపడి రెండడుగులు వెనక్కి వేశాడు. మేస్త్రి అతని వైపు రాలేదు. బ్యానరు దగ్గరికి వెళ్ళి, దాని తాళ్ళు తెంపి అవతల పడేసి, తల్లి దగ్గర వంగాడు.

"అమ్మా, ఇంకో నాలుగు రోజులు తడుస్తావా?"

"దేనికిరా?"

"గది పీకేస్తాను. వెనకాల, గుట్ట చాటున కడతాను. రోడ్డు మీదికి కనపడదు."

అత్త కొడుకు ముఖం చూసింది. తర్వాత సూపర్వైజరు ముఖం చూసింది. దుప్పటి మీద కారిన రంగు చూసుకుంది.

"ఇప్పటిదాకా తడిసిందేగా. పీకరా" అంది.

మేస్త్రి మొదట బోర్డు విప్పి, రెండు చేతులా పట్టుకుని తెచ్చి, సూపర్వైజరు చేతికిచ్చాడు.

"ఇది మీది" అన్నాడు. "రేకులు కూడా మీవే. రాళ్ళు నావి."

"మేస్త్రిగారూ, ఆగండి. వచ్చే వారం ఆయనొస్తే..."

గడ్డపార మొన పై వరసలో దిగింది. మొదటి రాయి దొర్లింది. బాబాయి ముందుకొచ్చి, "ఒరే, మా రేకులు" అన్నాడు. అని, ఆ మాట తనకే వినపడినట్టుంది, ఆగిపోయాడు. సూపర్వైజరు బోర్డుని నెత్తిన పట్టుకున్నాడు. వాన పెద్దదయింది.

రెండో రాయి దొర్లింది. అది మూలరాయి, ఇద్దరు మోసే బరువు. మేస్త్రి దాన్ని ఒక్కడే ఎత్తబోతుంటే కోడలు వెళ్ళి రెండో వైపు పట్టుకుంది. ఆయన కళ్ళెత్తి ఆమెని చూశాడు. పెద్దసారు ముందు ఆ మాట అన్నాక ఆమెని చూడటం అదే మొదలు.

"జారుతుంది. మెల్లగా" అన్నాడు.

ఇద్దరూ రాయి ఎత్తుకుని గుట్ట వెనక్కి నడిచారు.